అనంతపురం ఎండలో తైలవర్ణ చిత్రం



మనుషులనూ నగర వీధులనూ నూనె రంగులతో చిత్రించదలచిన అనంతపురం విద్యార్థి మొదట నేర్చుకోవలసింది నీడను చూడటం. గీత, రంగుల కలయిక ఆ తరువాతివి. పడమటి కనుమల వెనుక వాననీడ ప్రాంతంలో ఉండి, తూర్పు సముద్రానికీ దూరమై, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే ఈ పీఠభూమిలో మబ్బూ తేమా తక్కువ కనుక, వెలుగు ఎక్కడ ఆగిందో, నీడ ఎక్కడ మొదలైందో ఆ అంచు చాలా పదునుగా కనిపిస్తుంది. ఆ అంచును సరిగా పట్టుకున్న చిత్రంలో ముఖం సగమే గీసినా మనిషి గుర్తుకు వస్తాడు.

ఈ ఊరు ఉత్తర అక్షాంశం 14 డిగ్రీల 41 నిమిషాల దగ్గర ఉండటం వల్ల ఏప్రిల్ చివరి రోజులలోనూ, ఆగస్టు నడిమి రోజులలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగా నడినెత్తికి వస్తాడు. అప్పుడు మనిషి నీడ పాదాల కిందనే ముగిసిపోయి, నొసలు, ముక్కు, భుజాలు మాత్రమే వెలిగి, కళ్లు చీకటిలో మునుగుతాయి. ముఖాన్ని చిత్రించడానికి అది పనికిరాని వేళ. క్లాక్ టవర్ చుట్టూ గానీ, పాతూరు సందులలో గానీ పొద్దు పొడిచిన తరువాతి రెండు గంటలు, సాయంత్రం నాలుగు దాటిన తరువాతి కాలం మేలు. నీడ నిలిచి ఉండదు కాబట్టి దాని అంచులను ముందే బొగ్గుతో గుర్తించి, ఆ తరువాత వీధిలో వెలుగు మారినా ఆ గుర్తులను మార్చకుండా పని ముగించాలి. ఈ నిగ్రహం లేకపోతే ఒకే చిత్రంలో ఉదయపు నీడా, పదకొండు గంటల నీడా కలిసిపోయి, కారణం తెలియకుండానే చూసేవారికి బొమ్మ అబద్ధంగా తోస్తుంది.

వీధిలో జనాన్ని నిలపడానికి కంటి రేఖ తెలియాలి. చిత్రకారుడి కంటి ఎత్తున చిత్రానికి అడ్డంగా ఊహించుకునే గీతకే ఆ పేరు. సమతలమైన వీధిలో నిలబడి చూస్తే, ఇంచుమించు అంతే ఎత్తున్న మనుషులు దగ్గరున్నా దూరమున్నా వారి కళ్లు ఆ గీత మీదే ఉంటాయి, దూరం పెరిగేకొద్దీ పాదాలు మాత్రం దాని వైపు పైకి జరుగుతాయి. చిత్రకారుడు కింద కూర్చుంటే అందరి తలలూ ఆ గీతకు పైన లేస్తాయి.

ఈ సందర్భంలో లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలను తీరికగా చూసి రావడం అవసరం. విజయనగర కాలంలో, 16వ శతాబ్దంలో వేసిన ఆ చిత్రాలలో జనం బారులు తీరి నిలుస్తారు; నేల మీద పడే నీడ లేకుండా, దృఢమైన గీతతో, చదునైన రంగుతో, చీరల అంచులతో, చేతుల భంగిమలతోనే ప్రతి మనిషీ వేరుగా తెలుస్తాడు. తైలచిత్రం దారి వేరే అయినా, ఒంటి తీరులోనే మనిషిని గుర్తించే ఆ చూపు ఏ వీధి చిత్రకారుడికైనా కావాలి.

తెల్లని క్యాన్వాస్ ఎండలో కళ్లను చెదరగొడుతుంది. అందుకని ప్రైమర్ ఆరిన తరువాత ఎర్రమట్టి వన్నె రంగును టర్పెంటైన్‌తో పలచన చేసి మొత్తం పూయాలి. అది ఈ నేల రంగే కనుక పై పూతల సందుల్లోంచి తొంగిచూసినా పరాయిగా ఉండదు. చామనచాయ ఒంటి నీడకు ట్యూబులోని నలుపు కలిపితే ముఖం బూడిదబారుతుంది. ముదురు గోధుమ రంగులో నీలం కలిపితే నీడకు ప్రాణం వస్తుంది. ఎర్ర నేల మీద నిలబడ్డ మనిషి గడ్డం కింద వెచ్చని వన్నె, నీడలో ఉన్న భుజం పైభాగాన ఆకాశపు నీలిచాయ చేరతాయి. తారు రోడ్డు మీద ఆ వెచ్చదనం తగ్గిపోతుంది.

నూనె విషయంలో ఈ జిల్లా విద్యార్థికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక ఉండాలి. ఇంటింటా దొరికే వేరుశనగ నూనె గాలి తగిలినా గట్టిపడదు, కాబట్టి రంగులో కలపకూడదు. అవిసె నూనె ఆవిరి కాకుండా, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టి పొరగా మారుతుంది. కుసుమ నూనె కూడా ఇలాంటిదే, ఆలస్యంగా ఆరినా తెలుపును తక్కువగా పసుపుబారుస్తుంది. కింది పూతలో నూనె తక్కువగా, పై పూతల్లో క్రమంగా ఎక్కువగా ఉండాలన్న నియమానికి కారణం ఈ ఆరుదలే. కింది పొర ఇంకా కదులుతుండగా పైది గట్టిపడితే బీటలు వస్తాయి. అనంతపురం వేడిలో పైన త్వరగా పొర కట్టిన మందపు రంగు లోపల నెలల తరబడి మెత్తగా ఉండవచ్చు, వేలితో తాకి ఆరిందనుకోవడం పొరపాటు. నూనె గుడ్డలను మడిచి మూలన పడేస్తే, ఆరేటప్పుడు పుట్టే వేడి లోపల చిక్కుకుని అవి వాటంతట అవే అంటుకోగలవు. విప్పి పరచి ఆరబెట్టాలి, లేదా నీటిలో ముంచి ఉంచాలి.

రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే గాలులే జూన్ నుంచి ఆగస్టు వరకు ఎర్రదుమ్మును తెచ్చి తడి రంగు మీద చల్లుతాయి. ఆ నెలల్లో వీధిలో చిన్న నమూనాలు మాత్రమే వేసుకుని, పెద్ద చిత్రాన్ని గదిలో పూర్తిచేసి, గోడ వైపు తిప్పి వాల్చి ఉంచాలి. పూతలు పలచగా ఉంటే ఆరు నెలలు, మందంగా ఉంటే ఏడాది లేదా అంతకు మించి ఆగి, మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపిన తరువాతే వార్నిష్ వేయాలి.