పాపకు వాళ్లమ్మ పని కూడా తెలియాలి

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. పాప పెద్దయ్యాక మీ అక్క గురించి ఏం చెప్పాలని అడిగావు. తల్లి లేని పిల్ల అని చుట్టాలు ఎలాగూ అంటూనే ఉంటారు. వాళ్లమ్మ ఎలాంటి ఇంజనీరో మాత్రం నువ్వు పూనుకుంటే తప్ప ఎవరూ చెప్పరు.

వంతెన పిల్లరుకి కాంక్రీటు పోసేరోజు ఆ సైటులో నేనూ ఉన్నాను. పాపకి అప్పటికింకా అన్నప్రాసన కాలేదు. మిక్సర్ నుంచి మాలు రాగానే అక్క స్లంప్ కోన్‌లో కూరించి, కోన్ పైకి తీయించింది. ముద్ద నిలబడకుండా చతికిలబడిపోయింది. ఎవరో నీళ్లు ఎక్కువ కలిపారు. నీళ్లెక్కువైతే పోయడం సులువే, గట్టిపడ్డాక బలం ఉండదు. మేస్త్రీ ఎంత బతిమాలినా ఆ మాలు పోయనివ్వలేదు. మళ్లీ కలిపించి, క్యూబులు పోయించి, తడి ఆరకముందే వాటి మీద తేదీ తన చేత్తోనే గీసింది. 28 రోజులయ్యాక వాటిని ల్యాబులో నలగ్గొట్టి బలం చూస్తేగాని తన మనసు కుదుటపడేది కాదు. ఆ వంతెన మీద ఇవాళ బస్సులు పోతున్నాయి. పాపకి ముందు చెప్పాల్సింది ఇది.

అక్కలాగే ఇంజనీరైన అయ్యలసోమయాజుల లలితగారి పేరు విన్నావా? 1919లో మద్రాసులో తెలుగువారింట పుట్టారు. 18 ఏళ్లకే భర్త పోయారు. ఒళ్లో నెలల పిల్ల. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్, ఆయన పట్టుబట్టి 1940లో కూతురిని అక్కడే ఎలక్ట్రికల్‌లో చేర్పించారు. తర్వాత కలకత్తాలో ఉద్యోగం చేస్తూ భాక్రా నంగల్ ఆనకట్ట జనరేటర్ల మీద పనిచేశారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సుకి వెళ్లారు. ఆమె బతుకులోని ఎన్నో సంగతులు మనదాకా వచ్చాయంటే, పక్కనే ఉండి చూస్తూ పెరిగిన కూతురు చెప్పబట్టే. మన పాపకి ఆ అదృష్టం లేదమ్మా. అందుకే చూసినవాళ్లం మనం చెప్పాలి.

అలాగని అక్కని దేవతని చేయకు. సైటు నుంచి వచ్చేసరికి పాప నిద్రపోయి ఉంటే ఏడ్చేది, అలసిపోయి మనమీద విసుక్కునేది. అవీ దాచకుండా చెప్పు. పెద్దయ్యాక తనూ ఉద్యోగానికి వెళ్లే రోజుల్లో పాపకి ఆ మాటలే ఆసరా.

అక్క డైరీలు, సైటు ఫొటోలు ఒకచోట చేర్చు. పని కొలతలు రాసే ఎం-బుక్కులు ఆఫీసువి, ఇంటికి ఇవ్వరు. తన సంతకమున్న పేజీలకి జిరాక్సు ఇమ్మని అర్జీ పెట్టుకో. మేస్త్రీకి వయసు మీద పడుతోంది, ముందు ఆయన దగ్గరికే వెళ్లు. ఆయన చెప్పింది చెప్పినట్టు, ఆయన యాసలోనే రాసుకో. వచ్చే ఆదివారం వెళ్తానంటే నేనూ వస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ