కుండీలోని స్తంభజెముడు

మిరపయు, ప్రత్తియు, పొగాకును పండెడు కారంచేటి ప్రాంతపు నల్లరేగడిలో జెముడు మొక్కను పెంచుటకు పాఠ మెందుకని చదువరులు నవ్వవచ్చును. కంచెగట్టున అడుగకయే మొలచునట్టి దానికి కుండీయు, కాపుదలయు నేల? మేమును మొదట నట్లే తలచితిమి. ఆ తలంపువలననే యొక మంచి మొక్కను దాదాపుగ చంపుకొంటిమి.

ఒక విద్యార్థి తల్లిగారు జానెడు పొడవుగల స్తంభజెముడు ముక్కను మా తరగతికి బహూకరించిరి. తోటమట్టినే కుండీలో నింపి నాటితిమి. బాలురు వంతులు వేసికొని దినమున కొక చెంబు నీరు పోసిరి. ఆషాఢమంతయు మొక్క పచ్చగనే నిలిచినది. శ్రావణములో నొక సోమవారము వచ్చి చూడగా నది గోడకు జేరగిలబడి యుండెను. చేయి తగులగానే మొదలు విరిగి, మురిగిన అరటిపండువలె నీరుగారినది. ఆ వారము వంతు తనదైన బాలుడు తానే చంపితినని కంటతడి పెట్టెను. వాని తప్పేమియు లేదు. మట్టిని నిర్ణయించినది మేము.

ఈ మొక్క నీరు లేక చచ్చుట యరుదు. నీటివలన చచ్చుటయే తరచు. కాక్టస్ కుటుంబమునకు పుట్టినిల్లు అమెరికా ఖండములు. అరిజోనా యెడారిలో సాగ్వారో అను స్తంభజెముడు 12 మీటర్లకు మించియు పెరుగును. దాని కాండముపై నుండు మడతలు హార్మోనియపు తిత్తివలె వానకాలమున విప్పారి నీటిని నింపుకొని, ఎండకాలమున ముడుచుకొనును. ఇండ్లలో సాధారణముగ పెంచునది సీరియస్ అను జాతి. దానికిని ఇట్టి మడతలే గలవు. అట్టి మొక్క వేళ్లకు నీటికంటె గాలి ముఖ్యము. మన రేగడి కణములు మిక్కిలి సన్నములు. తడిసినచో నీటిని విడువవు, గాలిని చొరనీయవు. వేరు ఊపిరాడక చచ్చును. చచ్చిన వేరులో బూజు ప్రవేశించును.

కాబట్టి రెండుపాళ్లు ముతక యిసుక, ఒకపాలు ఎఱ్ఱమట్టి, ఒకపాలు ఇటుక నలుగును కలిపి, బాగుగ చివికిన పశువుల యెరువును పిడికెడు మాత్రము చేర్పవలయును. సముద్రపు టిసుక పనికిరాదు, దానియందు ఉప్పుండును. కుండీ మట్టిదైన మేలు. అడుగున బెజ్జము తప్పక యుండవలయును. ఒక చీపురుపుల్లను అడుగుదాక గ్రుచ్చి తీయుడు. దానికి తడి యంటినచో నీరు పోయకుడు. పొడిగ వచ్చినచో బెజ్జమునుండి కారువరకు పోసి, పళ్లెములో నిలిచినది పారబోయుడు. వానకాలమున, తుపానుల యాశ్వయుజ కార్తికములందు, కుండీని వరండాలోనికి జేర్చి నీరు దాదాపుగ మానవలయును.

వెలుతురు చాలనిచో తల సన్నగిల్లి సీసామెడవలె నగును. ఆ సన్నదనము తరువాత మానదు. తూర్పు వరండా మంచిది. వారమున కొకసారి కుండీని పావువంతు త్రిప్పవలయును. నీడలో పెరిగినదానిని రోహిణికార్తె యెండలో నొక్కసారి నిలిపినచో పొక్కి మచ్చ లేర్పడును.

ఈ మొక్క పగలు తన సూక్ష్మరంధ్రములను మూసికొని, రాత్రి తెరచి బొగ్గుపులుసు గాలిని గ్రహించి, పులుసు ద్రవ్యముగ దాచుకొనును. పగటి వెలుతురున దానిని వాడుకొనును. ఈ వింత మన తెలుగుదేశమునకు దూరమైనది కాదు. సామర్లకోట తోటలో పనిచేసిన బెంజమిన్ హేన్ రణపాల యాకు ఉదయమున పుల్లగను, మధ్యాహ్నమునకు రుచి లేకయు నుండుటను గమనించి వ్రాసిన జాబు 1815లో లండనులో ప్రచురింపబడినది. ఆ పులుపునకు కారణ మిదియే.

తల్లిదండ్రులు ముఖ్యముగ గుర్తింపవలసిన దొకటి కలదు. మన గట్లపై నుండు బొంతజెముడు చూపునకు కాక్టస్‌వలె నుండునుగాని, అది ఆముదపు కుటుంబములోనిది. దాని ముండ్లు జంటలుగ నుండును. గిల్లినచో తెల్లని పాలు కారును. సీరియస్ ముండ్లు చిన్న దూదిమెత్తవంటి చోటునుండి గుంపుగ మొలచును. దాని రసము పాలవలె నుండదు. బొంతజెముడు పాలు కంట బడినచో చూపునకే ముప్పు. వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యుని చూపవలయును. పిల్లలు దానిని తెచ్చి బడిలో నాటరాదు. బ్రహ్మజెముడు మాత్రము, పేరు మనదైనను, అమెరికానుండి వచ్చిన నిజమైన కాక్టస్సే. అది పొలములను క్రమ్ముకొనగా 1926లో సింహళమునుండి కొచినీలు పురుగును తెచ్చి చెన్నరాజధానిలో విడిచిరి. కొలది యేండ్లలోనే చాల భాగము నశించినది. మన కుండీమీద కనబడు తెల్లని దూది మాత్రము సాధారణముగ పిండినల్లి. స్పిరిటులో ముంచిన దూదిపుల్లతో తుడిచిన పోవును.

ఇక మా మొక్క సంగతి. కుళ్లిన మొదలు పారవేసి, స్పిరిటుతో తుడిచిన కత్తితో గోధుమరంగు చుక్కయు కనబడని పచ్చభాగమువరకు కోసితిమి. మిగిలినది బెత్తెడు. దానిని నీడలో నిలువుగ నుంచితిమి, పడుకోబెట్టినచో వంగును. మూడువారములకు కోత యెండి గట్టిపడెను. పిమ్మట క్రొత్త మిశ్రమములో రెండంగుళములు దింపి, పుల్లకు కట్టి, పదిదినములు చుక్కనీరు పోయలేదు. నీరు పోయకుండుటయే బాలురకు కష్టమైనది. నెలన్నరకు మెల్లగ లాగి చూడగా కదలలేదు.

ఇప్పుడది రెండుమూర లున్నది. నాడు కంటతడి పెట్టిన బాలుడే చీపురుపుల్లతో తడి చూచును. సీరియస్ పూవు తెల్లనిది, రాత్రి విచ్చి తెల్లవారగానే వాడునది. వరండాలో నుండు మొక్క పూయుట యరుదు. పూసినచో ఆ రాత్రి వరండా తాళము తీసి యుంచెదమని బాలురకు మాట యిచ్చి యున్నాము.