అంగరాగాలకూ ఆయుస్సు

పాఠ్యభాగ ఉద్దేశం

సౌందర్య సాధనాలపై ముద్రించిన వివరాలను చదివి వాటి కాలపరిమితిని లెక్కించడం, గడువు దాటిన వస్తువుల వల్ల కలిగే హానిని గ్రహించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

శరీరాన్ని అలంకరించుకోవాలనే కోరిక మానవునికి సహజమైనది. ఆరో శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో సుగంధ ద్రవ్యాల తయారీకి ‘గంధయుక్తి’ అనే ప్రత్యేకాధ్యాయాన్నే కేటాయించాడు. అయితే సానరాయిపై అరగదీసిన చందనం ఏ పూటకు ఆ పూట తాజాగా ఉండేది. నేటి లేపనం ఎక్కడో తయారై, గిడ్డంగులు దాటి, దుకాణపు అరలో నెలల తరబడి నిలిచి మన చేతికి వస్తుంది. దాని వయస్సు తెలియాలంటే పైనున్న అక్షరాలను చదవక తప్పదు.

ఈ వస్తువులు ఎందుకు చెడతాయి? సమాధానం మన ఇంటి సున్నిపిండిలోనే ఉంది. పొడిగా డబ్బాలో ఉంచిన సున్నిపిండి చాలాకాలం నిలుస్తుంది. నీటితో కలిపిన ముద్ద మరునాటికే పులిసిపోతుంది. సూక్ష్మజీవుల పెరుగుదలకు నీరే ఆధారం. అందువల్ల నీరు కలిసిన క్రీములు త్వరగా చెడతాయి. పౌడర్లు ఎక్కువ కాలం ఉంటాయి. నూనె, మైనాలతో చేసిన లిప్‌స్టిక్‌లో సూక్ష్మజీవులు అంత తేలికగా పెరగవు గాని, గాలి సోకి అందులోని నూనె పాతబడిన కొబ్బరినూనె వలె వాసన వేస్తుంది. తయారీదారులు కలిపే సంరక్షక రసాయనాల శక్తికీ ఒక హద్దు ఉంది.

ప్రతి సాధనానికీ రెండు గడువులు ఉంటాయని గుర్తించాలి. మొదటిది మూత తెరవక ముందు వర్తించేది. మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నియమావళిని అనుసరించి డబ్బాపై గడువు తేదీని తెలుపుతారు. తయారీ సంస్థ చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ నంబరు కూడా సాధారణంగా కనిపిస్తాయి. రెండవ గడువు మూత తీసిన రోజున మొదలవుతుంది. తెరిచిన డబ్బా బొమ్మలో ‘6 ఎం’, ‘12 ఎం’ అని ఉంటే, తెరిచాక అన్ని నెలలు మాత్రమే వాడాలని అర్థం. ఐరోపా సమాఖ్యలో ముప్పై నెలలకు మించి నిలిచే సాధనాలకు ఈ విధానం అమలులో ఉంది.

ఒక క్రీము 2024 మార్చిలో తయారైందనుకుందాం. దాని గడువు 24 నెలలు. తెరిచాక 6 నెలలు. జూలైలో మూత తీస్తే 2025 జనవరికే దాని ఆయుస్సు తీరినట్లు. డబ్బాపై 2026 అని కనిపించినా అది తెరవని వస్తువుకే చెల్లుతుంది. రెండు గడువులలో ఏది ముందు వస్తే అదే ప్రమాణం. మూత తీసిన తేదీని డబ్బా అడుగున వ్రాసుకొనడం సులభమైన ఉపాయం.

రంగు మారడం, నీరూ నూనే విడిపోవడం, వాసన రావడం వస్తువు చెడిందనడానికి గుర్తులు. విటమిన్ సి కలిసిన ద్రవం గోధుమరంగుకు తిరిగితే దాని సారం తగ్గినట్లే. కాని ఏ గుర్తూ లేనంత మాత్రాన వస్తువు మంచిదని నమ్మరాదు. సన్‌స్క్రీన్ ఎండకు, వేడికి శక్తి కోల్పోయినా చూపుకు తెలియదు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో దానిని ద్విచక్ర వాహనపు పెట్టెలో ఉంచి, తరువాత పూసుకొన్నవారు రక్షణ ఉందని భ్రమపడి ఎండలో తిరుగుతారు.

కంటికి వాడే వాటి విషయంలో జాగ్రత్త అత్యవసరం. మస్కారా కుంచె కనురెప్పలను తాకి మళ్ళీ గొట్టంలోకి వెళ్ళినప్పుడల్లా సూక్ష్మజీవులను మోసుకుపోతుంది. అందుకే దానిని మూడు నెలలకు మించి వాడవద్దంటారు. ఆరిపోయిందని నీరు కలపడం మరింత ప్రమాదం. కుంచె గీరిన కంటిపొరపై సూడోమోనాస్ వంటి బాక్టీరియా చేరితే చూపుకే ముప్పు రావచ్చు. వార్షికోత్సవ వేషధారణకు నిరుటి పెట్టెను తెరిచి, ఒకే కాటుకను పదిమంది దిద్దుకొనే అలవాటును విద్యార్థులు మానుకోవాలి.

కొనేటప్పుడు తేదీపై మరో కాగితం అతికించి ఉన్నా, అంకెలు చెరిపినట్లున్నా ఆ వస్తువును తీసుకోరాదు. మోసం జరిగితే రసీదు దాచుకొని జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. తగ్గింపు ధరకు వచ్చినదంతా లాభం కాదు; గడువులోగా వాడుకోగలిగినదే లాభం. ముఖానికి అందం తెచ్చే వస్తువు ముందుగా కంటికి, చర్మానికి క్షేమకరమై ఉండాలి.

కఠిన పదాలకు అర్థాలు

అంగరాగం : శరీరానికి పూసుకొనే సుగంధ లేపనం
గిడ్డంగి : సరుకు నిలవచేసే చోటు
నియమావళి : నియమాల సముదాయం
నిరుడు : గడచిన సంవత్సరం

సంధులు

అత్యవసరం = అతి + అవసరం : యణాదేశ సంధి
వార్షికోత్సవం = వార్షిక + ఉత్సవం : గుణసంధి

ప్రశ్నలు

1. సౌందర్య సాధనాలకు గల రెండు గడువులను సోదాహరణంగా వివరించండి.
2. సున్నిపిండి ఉదాహరణ ద్వారా తెలిసే విషయమేమిటి?
3. కంటికి వాడే సాధనాల విషయంలో పాటించవలసిన జాగ్రత్తలేవి?
4. మీ ఇంటిలోని ఒక సాధనంపై గల వివరాలను వ్రాసి, దాని గడువును లెక్కించండి.