గుంత తీయకుండా నిలబడే చట్రం

పెళ్లి పందిరి వేయాలంటే ఏం చేస్తాం? గుంత తీస్తాం. రాట పాతుతాం. మట్టి పోసి గట్టిగా కూరతాం. ఇక రాట కదలదు.

ఇప్పుడు చాలా శుభకార్యాలు ఫంక్షన్ హాళ్లలో జరుగుతున్నాయి. అక్కడ నేలంతా నున్నటి బండలు. గుంత తీయనివ్వరు. గోడకు మేకు కొట్టనివ్వరు. కానీ బారసాలకు, పుట్టినరోజుకు, ఓణీల వేడుకకు బుడగల తోరణం కావాలంటారు. ఆ తోరణం దేని మీద నిలబడాలి? తన కాళ్ల మీద తానే నిలబడే చట్రం కావాలి.

ఒక ఊరి పొదుపు సంఘంలో నలుగురు ఆడవాళ్లు ఈ పని మొదలుపెట్టారు. మొదటిసారి రెండు రంగు డబ్బాల్లో ఇసుక పోశారు. వాటిలో వెదురు కర్రలు నిలబెట్టారు. పైన అడ్డంగా ఇంకో కర్ర కట్టారు. నిండా బుడగలు కట్టారు. చూడటానికి ముచ్చటగా ఉంది. కేకు కోసే వేళకు ఎవరో పెద్ద కూలరు వేశారు. తోరణం ముందుకు తూలింది. కేకు మీద పడింది. పిల్లలు పక్కకు తప్పుకున్నారు కాబట్టి సరిపోయింది. ఇస్తామన్న 1500 రూపాయల్లో 700 చేతిలో పెట్టి పొమ్మన్నారు.

"బుడగలకు బరువేముంది అత్తా? ఎందుకు పడింది?" అని కోడలు అడిగింది.

"బరువు కాదే, గాలి! దండెం మీద దుప్పటి ఆరేస్తే చూళ్లేదా? గాలొస్తే కర్రలు కూడా ఊగుతాయి" అంది అత్త.

అత్త చెప్పింది నిజం. బుడగల తోరణం పడవ తెరచాప లాంటిది. గాలిని పట్టుకుంటుంది. గాలి పైన తోస్తుంది. కింద డబ్బా అడుగు చూస్తే జానెడు. ఎత్తు ఆరడుగులు, కాలు జానెడు అయితే ఏ వస్తువైనా పడుతుంది. కాళ్లు ముందుకూ వెనక్కూ చాచి ఉండాలి.

రెండోసారి వాళ్లు నీళ్ల పైపులతో చట్రం చేశారు. నీళ్ల పైపు అంటే పీవీసీ పైపు. ఇనుము కన్నా తేలిక. తుప్పు పట్టదు. అర అంగుళం పైపు చవకే గాని వంగుతుంది. అంగుళం పైపు కొనడమే మేలు.

ఆరడుగుల ఎత్తు, ఐదడుగుల వెడల్పు చట్రానికి పది అడుగుల పైపులు మూడు చాలు. మొదటి పైపును సగానికి కోయాలి. అవి అడ్డ పైపులు. ఒకటి పైకి, ఒకటి కిందికి. రెండో పైపునూ సగానికి కోయాలి. అవి నిలువు పైపులు. మూడో దాన్నుంచి అడుగు ముక్కలు రెండు, అడుగున్నర ముక్కలు నాలుగు కోయాలి. రెండు అడుగులు మిగులుతుంది. పారేయకండి, ఎక్కడైనా పనికొస్తుంది. పైమూలలకు ఎల్బోలు 2, కింద టీలు 4, కాళ్ల చివర మూతలు 4 కావాలి.

ఒక టీకి ముందొకటి, వెనకొకటి అడుగున్నర ముక్కలు దూర్చాలి. అది ఒక కాలు. టీ మూడో నోరు పైకి ఉండాలి. అందులో అడుగు ముక్క పెట్టాలి. దాని మీద ఇంకో టీ. ఆ టీ పక్క నోట్లో కింది అడ్డ పైపు, పై నోట్లో నిలువు పైపు. రెండో వైపూ ఇంతే. పైన ఎల్బోలతో రెండో అడ్డ పైపు కలపాలి. కింది అడ్డ పైపు ఎందుకులే అని వదిలేయకూడదు. అది లేకపోతే కాళ్లు ఎడమవుతాయి.

పైపులకు బంక పూయకూడదు. గట్టిగా దూర్చి, అతుకుల దగ్గర టేపు చుడితే చాలు. పని అయ్యాక విప్పుకోవచ్చు. ఐదడుగుల కట్ట ఆటోలో పడుతుంది.

విప్పితే మళ్లీ ఏ ముక్క ఎక్కడిదో తెలియాలి కదా? అందుకే ప్రతి ముక్క మీద రాసుకున్నారు. కాళ్లకు కా 1, కా 2. నిలువుకు ని 1, ని 2. అడ్డానికి అ 1, అ 2. కోడలు రాసింది. అత్త హాలులో కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటి చదివి అందించింది.

ఇక బరువు. పాత చీర గుడ్డతో నాలుగు సంచులు కుట్టారు. ఒక్కోదాంట్లో ఐదు కిలోల ఇసుక. వాటిని కాళ్ల నడుమ కాదు, చివర పెట్టాలి. తలుపును గడియ దగ్గర తోస్తే తేలిగ్గా కదులుతుంది. బందు దగ్గర తోస్తే కదలదు. బరువు కూడా అంతే. దూరంగా ఉంటేనే బలం. బుడగలు కట్టకముందే చట్రాన్ని పైన చేత్తో నెట్టి చూడాలి. కాలు లేస్తే ఇంకా ఇసుక పెట్టాలి. ఆరుబయట ఈదురుగాలిలో మాత్రం ఇసుకను నమ్మకూడదు. తాళ్లతో కట్టాల్సిందే.

రబ్బరు బుడగను 1824లో లండన్‌లో మైఖేల్ ఫారడే అనే శాస్త్రవేత్త చేశాడు. రెండు రబ్బరు రేకుల అంచులు అతికించాడు. లోపల అంటుకోకుండా పిండి చల్లాడు. మనం అప్పడాలకు చల్లినట్టే! ఆయన అందులో నింపింది హైడ్రోజన్ వాయువు. అది నిప్పు తగిలితే భగ్గుమంటుంది. మన తోరణానికి ఆ వాయువు వద్దు. చేతి పంపుతో మామూలు గాలి కొట్టాలి. దీపానికీ, కొవ్వొత్తికీ దూరంగా ఉంచాలి. పగిలిన ముక్కలు వెంటనే ఏరేయాలి. పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడి ఊపిరి ఆగుతుంది. ఇది చిన్న విషయం కాదు.

బుడగలు రెండు రెండు కలిపి ముడేయాలి. రెండు జతలు మెలేస్తే నాలుగు బుడగల గుత్తి. గుత్తిని పైపు చుట్టూ మెలేయాలి. తర్వాతి గుత్తి సందుల్లో కూర్చుంటుంది. ఎన్ని కావాలి? ముందు ఒక అడుగు కట్టి లెక్కపెట్టాలి. ఎనిమిది పట్టాయనుకోండి. నిలువు 6, అడ్డం 5, నిలువు 6. మొత్తం 17 అడుగులు. 17 ఎనిమిదులు 136. పగిలేవాటికి ఇంకో ఇరవై.

ఈసారి వాళ్లు కాగితం రాసుకున్నారు. తేదీ, హాలు పేరు, ఒప్పుకున్న సొమ్ము, బయానా ఎంత, మిగతాది ఎప్పుడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. సాయంత్రం కూలరు తిరిగింది. బుడగలు కదిలాయి. చట్రం కదల్లేదు. రాత్రి సామాను విప్పేముందు అత్త కాగితం తీసి, మిగతా డబ్బు అడిగి లెక్కపెట్టుకుంది.

లెక్క చేయండి:
ఏడడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు చట్రం కావాలన్నారు. కాళ్లు ఎంత పొడవు పెడతారు? పది అడుగుల పైపులు ఎన్ని కొనాలి? మీ ఊరి దుకాణంలో పైపు ధర అడిగి రాయండి. నలుగురి కూలి కూడా కలపండి. ఎంత చెబుతారు?