ముగ్గురి పేర్లు – ఒక బిడ్డ

మనిషి ఈ లోకానికి వచ్చిన తరువాత అతనికి దక్కే మొదటి సొత్తు పేరు. అది తాను కోరి సంపాదించుకున్నది కాదు, పెద్దలు ఇచ్చినది. మన పూర్వులు షోడశ సంస్కారాలలో నామకరణానికి స్థానం కల్పించారు. తెలుగునాట బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పరచి, తండ్రిచేత ఉంగరంతో శిశువు పేరు రాయించే ఆచారం నేటికీ ఉంది. తాత పేరో, ఇలవేల్పు పేరో, జన్మనక్షత్రాన్ని బట్టి వచ్చిన అక్షరంతో కూర్చిన పేరో ఆ బియ్యంలో రూపుదాలుస్తుంది. పుట్టిన పిల్లలు దక్కని ఇండ్లలో పెంటయ్య, పుల్లయ్య అని పిలిచి మృత్యువు దృష్టిని మళ్ళించాలనుకున్నారు. స్వాతంత్ర్యోద్యమ కాలంలోనూ, ఆ తరువాతా గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోస్‌ల పేర్లు మన పల్లెలలోని పసిపిల్లలకు వచ్చాయి.

మహనీయుల పేరు పెట్టే తల్లిదండ్రులు సాధారణంగా భవిష్యత్తును చూస్తారు. తమ బిడ్డ అంతటివాడు కావాలని కోరుకుంటారు. వెనుదిరిగి చూసి, తాము పొందినదానికి కృతజ్ఞతగా పేరు పెట్టేవారు అరుదు. అటువంటి తండ్రి ఒకడు మన క్రికెట్ చరిత్రలో ఉన్నాడు. ఆయన సునీల్ మనోహర్ గవాస్కర్.

1976 ఫిబ్రవరి 20న కాన్పూరులో గవాస్కర్‌కు కుమారుడు కలిగాడు. అప్పుడు తండ్రి న్యూజిలాండ్ పర్యటనలో ఉన్నాడు. ఆ బిడ్డకు ‘రోహన్ జైవిశ్వ’ అని పేరు పెట్టారు. సమాసాలను విడదీయడం అలవాటైనవారికి ‘జైవిశ్వ’ అన్న మాట కొంత చిక్కు కలిగిస్తుంది. ఏ విభక్తి చేర్చినా విగ్రహవాక్యం కుదరదు. ఎందుకంటే అది సమాసం కాదు. రెండు పేర్ల నుంచి తుంచి తెచ్చిన ముక్కల కలయిక. ‘జై’ జయసింహది, ‘విశ్వ’ విశ్వనాథ్‌ది. ముందున్న ‘రోహన్’ వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హైది. సంస్కృతంలో ‘రుహ్’ ధాతువుకు మొలకెత్తడం, పైకి ఎదగడం అని అర్థం. రోహణాద్రి రత్నాలకు పుట్టిల్లని మన కావ్యాలు చదివినవారికి తెలుసు. అయితే గవాస్కర్ నిఘంటువు చూసి ఈ పేరు ఎంచుకోలేదు. మనుషులను చూసి ఎంచుకున్నాడు.

వీరిలో జయసింహ మనవాడు. 1939లో సికింద్రాబాదులో జన్మించి, ఏళ్ళ తరబడి హైదరాబాదు రంజీ జట్టును నడిపించినవాడు. నిటారుగా నిలబెట్టిన చొక్కా కాలరు, మెడకు చుట్టుకున్న రుమాలు, తొందరపాటు ఎరుగని నడక – ఇవి ఆయనకు గుర్తులు. 1960లో కలకత్తాలో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టులో అయిదు రోజులూ బ్యాటింగ్ చేసి, ఆ విధంగా ఆడిన తొలి ఆటగాడయ్యాడు. 1968లో గాయపడినవారికి బదులుగా పిలుపు అందుకొని ఆస్ట్రేలియా వెళ్ళి, విమానం దిగిన అలసట తీరకముందే బ్రిస్బేన్ టెస్టులో 74, 101 పరుగులు చేశాడు. బొంబాయిలో పెరుగుతున్న గవాస్కర్‌కు బాల్యం నుంచీ ఆయనే ఆరాధ్యుడు. 1971లో వెస్టిండీస్ వెళ్ళిన భారత జట్టులో ఆ ఆరాధ్యుడూ, ఈ ఆరాధకుడూ ఒకే గదిలో ప్యాడ్లు కట్టుకున్నారు. గవాస్కర్ టెస్టు జీవితం ఆ పర్యటనతో ఆరంభమైంది. జయసింహది ఆ పర్యటనతోనే ముగిసింది.

రోహన్ కన్హై సంగతి వేరు. ఆయన ప్రత్యర్థి. 1935లో నాటి బ్రిటిష్ గయానాలోని పోర్ట్ మొరాంట్‌లో, చెరకు తోటల నడుమ పుట్టినవాడు. 1838 నుంచి 1917 వరకు రెండు లక్షలమందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా ఆ దేశానికి చేరారు. వారిలో అత్యధికులు కలకత్తా రేవులో ఓడ ఎక్కినవారే. దాటివచ్చిన సముద్రం వారి ఊరిని, బంధువులను దూరం చేసింది. భాష కూడా తరం తరానికీ పలచబడింది. మిగిలినవాటిలో గట్టిగా నిలిచింది పేరే. కన్హై అంటే కన్హయ్య, మన కన్నయ్యే. ఆ కూలీల సంతతివాడైన కన్హై తన అత్యధిక టెస్టు స్కోరు 256 పరుగులను 1958–59 పర్యటనలో కలకత్తాలోనే సాధించాడు! చరిత్ర ఒక్కొక్కసారి కవులను మించి కల్పన చేస్తుంది.

1971 ఫిబ్రవరిలో కింగ్‌స్టన్‌లో జరిగిన తొలి టెస్టులో వెస్టిండీస్ ఫాలోఆన్ ఆడవలసి వచ్చినప్పుడు, కన్హై 158 పరుగులతో అజేయంగా నిలిచి జట్టును కాపాడాడు. వేలి బాధ కారణంగా గవాస్కర్ ఆ టెస్టు ఆడలేకపోయాడు. తరువాతి నాలుగు టెస్టులలో ఆయన 774 పరుగులు చేశాడు. సిరీస్ మనది అయింది. వెస్టిండీస్‌పై మనకు అదే తొలి విజయం. ఈ లెక్కలు రికార్డు పుస్తకాలలో ఉన్నాయి. వాటిలో లేనిది ఒకటుంది. ఇరవై ఒక్క ఏళ్ళ గవాస్కర్ తొందరపడి చెడ్డ షాటు ఆడినప్పుడు, ఓవరు మారే వేళ కన్హై అతని పక్కగా నడిచి వెళ్తూ, ఇతరులకు వినిపించకుండా గొణిగేవాడట: నీకు వంద చేయాలని లేదా, ఏమైంది నీకు అని. ఈ మాటను గవాస్కరే తరువాతి కాలంలో చెప్పాడు.

విద్యార్థులు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. తన జట్టు ఓటమి అంచున ఉన్నది. ఎదుటివాని వికెట్టు పడితే మేలు. అయినా ఒక అనుభవజ్ఞుడు ఎదుటి పక్షంలోని యువకుని మందలించాడు. తన వికెట్టును తానే పారేసుకోబోతున్న ప్రతిభను చూసి ఊరకుండలేకపోయాడు. ద్రోణుని మీద బాణం ఎక్కుపెట్టిన అర్జునుడు మొదట గురువు పాదాల చెంత బాణం వేసి నమస్కరించడం మనం భారతంలో విన్నాం. కాని శత్రుపక్షపు యువకునికి ‘గురి సరిచూసుకో’ అని చెప్పిన వీరుడు నాకు తెలిసినంతలో మన పురాణాలలోనూ కనిపించడు. 1971–72లో ఆస్ట్రేలియా వెళ్ళిన ప్రపంచ జట్టులో ఈ ఇద్దరూ సహచరులుగా ఆడారు. తాను చూసిన బ్యాట్స్‌మన్లలో కన్హైని మించినవాడు లేడన్న అభిప్రాయాన్ని గవాస్కర్ 1983లో వెలువడిన ‘ఐడల్స్’ గ్రంథంలో ప్రకటించాడు. పేరు పెట్టి ఏడేళ్ళు గడిచినా ఆ గౌరవం తగ్గలేదన్నమాట.

మూడవవాడు గుండప్ప విశ్వనాథ్. కర్ణాటకలోని భద్రావతిలో పుట్టినవాడు, వయసులో గవాస్కర్‌కు కొన్ని నెలలు మాత్రమే పెద్ద, తోటి ఆటగాడు, ఆత్మీయ మిత్రుడు. గవాస్కర్ సోదరిని వివాహమాడి బావ అయినవాడు కూడా. సమకాలికుని పేరు బిడ్డకు పెట్టడానికి పెద్దమనసు కావాలి. ఎందుకంటే, ఇద్దరిలో ఎవరు గొప్ప అని దేశమంతా వాదించుకుంటున్న రోజులవి. విశ్వనాథ్ తొలి టెస్టు 1969లో కాన్పూరులోనే జరిగింది. అందులో మొదట సున్నాకు వెనుదిరిగి, రెండవ ఇన్నింగ్స్‌లో 137 చేశాడు. 1980లో బొంబాయిలో ఇంగ్లండ్‌తో జరిగిన టెస్టుకు నాయకుడుగా ఉంటూ, అంపైరు అవుట్ ఇచ్చిన బాబ్ టేలర్‌ను వెనుకకు పిలిచాడు. ఆ టెస్టు మనం ఓడిపోయాం.

న్యూజిలాండ్ నుంచి భారత జట్టు నేరుగా వెస్టిండీస్ చేరింది. 1976 ఏప్రిల్‌లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ టెస్టులో మన ముందున్న లక్ష్యం 403 పరుగులు. అంతకుముందు టెస్టు చరిత్రలో 400 దాటిన లక్ష్యాన్ని ఛేదించినది 1948లో బ్రాడ్‌మన్ నాయకత్వంలోని ఆస్ట్రేలియా ఒక్కటే. గవాస్కర్ 102, విశ్వనాథ్ 112 పరుగులు చేశారు. భారత్ ఆరు వికెట్ల తేడాతో గెలిచింది. అప్పటికి కాన్పూరులో పుట్టిన బిడ్డకు ఇంకా రెండు నెలలు నిండలేదు. పేరులో ‘విశ్వ’ ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే, ఆ రోజు తరువాత అడగనవసరం లేకపోయింది.

గవాస్కర్ పుట్టుకలోనే ఒక విచిత్రం ఉంది. 1976లోనే వచ్చిన ‘సన్నీ డేస్’ అనే ఆత్మకథలో ఆయన దానిని వివరించాడు. ఆసుపత్రిలో చూడవచ్చిన బంధువు ఒకరు, శిశువు చెవి దగ్గర చిన్న రంధ్రం ఉండటం గమనించారు. మరునాడు వచ్చి ఎత్తుకుంటే ఆ గుర్తు లేదు! వెతకగా అసలు బిడ్డ ఒక మత్స్యకార స్త్రీ పక్కన నిద్రిస్తూ కనిపించాడు. ఆ గుర్తు ఎవరి కంటా పడకపోయి ఉంటే ‘గవాస్కర్’ అన్న పేరు మరొకరిది అయ్యేది. పేరు ఎంత బలమైనదో, అంత పెళుసైనది కూడా.

ఇక ఆ కుమారుని మాట. రోహన్ కూడా క్రికెట్‌నే ఎంచుకున్నాడు. తండ్రి కుడిచేతి ఆటగాడు, కొడుకు ఎడమచేతి ఆటగాడు. తండ్రి బొంబాయికి ఆడితే, కొడుకు బెంగాల్‌కు ఆడి, ఆ జట్టుకు నాయకత్వం కూడా వహించాడు. ముగ్గురు దిగ్గజాల పేర్లు అతనికి భారం అయ్యాయా అంటే, వాటికంటె ఎక్కువ బరువైనది ఇంటిపేరేనని నా అభిప్రాయం. అతడు మైదానంలో దిగిన ప్రతిసారీ జనం పోల్చినది కన్హైతో కాదు, తండ్రితోనే. భారతదేశం తరఫున అతడు 11 ఒకరోజు మ్యాచ్‌లు మాత్రమే ఆడాడు. ఒక్క టెస్టు కూడా ఆడలేదు.

వాటిలో మొదటిది 2004 జనవరి 18న ఆస్ట్రేలియాపై జరిగింది. వేదిక బ్రిస్బేన్. ముప్పై ఆరేళ్ళ క్రితం జయసింహ శతకం చేసిన నగరం అదే. ఆ రోజు శతకం చేసి భారత్‌ను గెలుపు వైపు నడిపించినవాడు కూడా హైదరాబాదీయే – వి.వి.ఎస్. లక్ష్మణ్. స్కోరు పట్టికలో కొత్త ఆటగాని పేరు ‘ఆర్.ఎస్. గవాస్కర్’ అని ఉంది. మహారాష్ట్రుల సంప్రదాయం ప్రకారం ‘ఎస్’ తండ్రి పేరులోని సునీల్. ‘ఆర్’లో కన్హై మిగిలాడు, జయసింహకు, విశ్వనాథ్‌కు ఆ పట్టికలో చోటు దొరకలేదు.