కరోడ్‌గిరి నుండి పాస్‌పోర్టు వరకు

రైలులో సరిహద్దు తనిఖీ అనగానే మనకు అటారీ స్టేషను స్ఫురించును. కాని అట్టి సరిహద్దు ఒకప్పుడు తెలుగువారి నడుమనే ఉండెను. శంషాబాదు చెంతనున్న ఉమ్దానగర్ స్టేషను మీదుగా దక్షిణమునకు సాగు రైలుమార్గము తుంగభద్రను దాటి కర్నూలు చేరును. 1948 వరకు ఆ నదికి ఇవతల నిజాము రాజ్యము. అవతలిది వేరొక పాలన. నిజాము రాజ్యపు సుంకశాఖకు కరోడ్‌గిరి అని పేరు. 1802 నాటి వాణిజ్యపు ఒడంబడిక సుంకమును నూటికి 5గా నిర్ణయించెను. తెలుగువారు తెలుగునాటికే సరకు కొనిపోవుచు సుంకము చెల్లించిరన్న నేటి విద్యార్థులు నమ్ముట కష్టము!

అయినను కరోడ్‌గిరివారి ప్రశ్న మూటను గూర్చినది. 1952లో భారత, పాకిస్తానుల నడుమ పాస్‌పోర్టు విధానము వచ్చిన పిదప ప్రశ్న మనిషిని గూర్చినదైనది. మాకు ముఖ్యముగా తోచు భేదమిదియే. సుంకము చెల్లించిన మూట సాగిపోవును. మనిషికి అట్టి వెల లేదు. 1976లో ఆరంభమైన సంఝౌతా ఎక్స్‌ప్రెస్‌లో కరాచీ బంధువులను చూడబోవు హైదరాబాదు ముసలితల్లియైనను అటారీలో సామానుతో దిగి, తానెవరో, ఎవరింటికి పోవుచున్నదో కాగితములతో రుజువు చేసికొనవలసియుండెను. 2019 ఆగస్టులో ఆ రైలును నిలిచిపోయెను.

2008లో తెరచిన శంషాబాదు విమానాశ్రయములోను వరుస అదియే. విదేశము నుండి దిగినవారికి ముందు పాస్‌పోర్టు బల్ల. సామాను చేతికందిన పిదపనే సుంకాధికారి.