సిక్ లీవ్ తర్వాత ఉద్యోగ భయం: గండి ఆంజనేయస్వామి చిటికెన వేలు నేర్పే పాఠం



ఈ వారం వీడియోలో గండి క్షేత్రం గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక వదిలేసిన ఒక విషయం ఇక్కడ రాస్తున్నాను. ఉద్యోగాలు చేసుకునే మనలాంటి వాళ్ళకి ఇది బాగా దగ్గరి విషయం. ఒంట్లో బాగోలేక సెలవు పెడతాం. జ్వరం తగ్గుతుంది, రిపోర్టులు నార్మల్‌కి వస్తాయి. కానీ "నేను లేకపోయినా పని నడిచిపోతోందే, ఇక నాతో ఏం అవసరం?" అనే భయం మాత్రం తగ్గదు. ఆ భయాన్ని ఏం చెయ్యాలి?

ముందే ఒక మాట చెప్పాలి. ఈ భయం ఉత్త భ్రమ కాదు. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. 2025 జులైలో టీసీఎస్ కూడా సుమారు 12,000 ఉద్యోగాలు తగ్గిస్తామంది. ఇవన్నీ చదివిన మనిషికి "అంతా దేవుడే చూసుకుంటాడులే" అంటే మనసు ఊరుకోదు. నాకూ ఊరుకోలేదు.

నా సంగతి

మాది ప్రొద్దుటూరు, ఉద్యోగం హైదరాబాదులో. పోయినేడాది కామెర్లు వచ్చి మూడు వారాలు ఇంటికి వచ్చేశాను. డాక్టరు పూర్తి విశ్రాంతి అన్నారు. అమ్మ పథ్యం పెడుతోంది. నా తల నిండా మాత్రం ఒకటే లెక్క: చెల్లెలి బీటెక్ ఫీజు, నాన్న కొట్టు మీద తీసుకున్న అప్పు, ఈ నెల ఈఎంఐ. అదే వారంలో మా ఆఫీసులో కొందరిని పంపేస్తున్నారని ఒక కొలీగ్ ఫోన్ చేసి చెప్పాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా వీధిలో మగ్గం నేసే పెద్దాయన ఒకరు చూడ్డానికి వచ్చారు. నా మాటలన్నీ విని, "మగ్గం నిలబడిపోతే భయపడం నాయనా. పోగు ఎక్కడ తెగిందో చూసుకుంటాం. మళ్ళీ కూర్చున్నాక ఆడ్నించే మొదలుపెడతాం" అన్నారు. నేత ఆపితే ఆ రోజు కూలి ఉండదు, సిక్ లీవ్ అన్న మాటే ఉండదు. అట్లాంటి మనిషి ఆ మాట అనడం నన్ను ఆలోచనలో పడేసింది.

కాస్త కోలుకున్నాక అవ్వ వాళ్ళ ఊరు జమ్మలమడుగులో నారాపుర వేంకటేశ్వరస్వామిని దర్శనం చేసుకున్నాను. తర్వాతి శనివారం నాన్నతో కలిసి పులివెందుల వైపు, వేంపల్లె దగ్గర గండికి వెళ్ళాను.

పూర్తికాని చిటికెన వేలు

రెండు కొండల మధ్యన పాపఘ్ని నది పారే చోటే గండి. లంక నుంచి తిరిగి వస్తూ రాముడు ఇక్కడ ఆగాడని, తన బాణం మొనతో బండ మీద ఆంజనేయుడి రూపం గీశాడని స్థలపురాణం. రూపమంతా గీసి, చిటికెన వేలు ఒక్కటి మిగిల్చి వెళ్ళిపోయాడట. తర్వాత ఎవరో ఆ వేలు చెక్కబోతే రాతిలోంచి రక్తం వచ్చిందని పెద్దలు చెప్తారు. దాంతో అలాగే వదిలేశారు.

చిన్నప్పుడు ఈ కథని ఒక వింతగా విన్నాను. ఈసారి వేరేగా తోచింది. ఆ వేలు పూర్తి కాలేదని పూజ ఆగలేదు. శ్రావణ శనివారాల్లో వేల మంది వచ్చి మొక్కుకునేది ఆ రూపానికే. సగంలో ఆగిన పని ఒకటి ఉన్నంత మాత్రాన మనిషి విలువ సగం అయిపోదు. నేను మధ్యలో వదిలి వచ్చిన మాడ్యూల్ కూడా ఒక చిటికెన వేలే. నేనంటే ఆ వేలొక్కటే కాదు.

లక్ష్మణుడు పడిపోయినప్పుడు

రామాయణం యుద్ధకాండలో రావణుడి శక్తి దెబ్బకి లక్ష్మణుడు నేలకొరుగుతాడు. రాముడి దుఃఖం చూడండి: తమ్ముడు లేకపోతే ఈ గెలుపు నాకెందుకు అంటాడు. సుషేణుడు మందు చెప్తాడు, హనుమంతుడు ఏకంగా కొండ శిఖరాన్నే మోసుకొస్తాడు. స్పృహ వచ్చాక లక్ష్మణుడు ఏమన్నాడు? నా కోసం బాధపడుతూ కూర్చోవద్దు, నీ ప్రతిజ్ఞ నెరవేర్చు అన్నాడు. ముందు వైద్యం, ఆ తర్వాతే పని మాట. ఆ వరుస గమనించండి.

"అది సరే, మా మేనేజర్ రాముడు కాదు కదా!" అంటారా? నిజమే. అందుకే మనకి చట్టం ఉంది.

కాగితం మీద మన హక్కు

1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఉంది. దాని ప్రకారం జబ్బు చేస్తే ఏడాదికి 12 రోజుల వరకు జీతంతో సెలవు. క్యాజువల్ లీవ్ వేరే. ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసెయ్యాలంటే నెల రోజుల నోటీసు గానీ, ఆ నెల జీతం గానీ ఇవ్వాలి. నా మూడు వారాల్లో పనిదినాలు 15. అందులో 12 సిక్ లీవ్, మిగతా 3 ఎర్న్‌డ్ లీవ్.

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. జబ్బు చేసిన రోజులకి వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. ఆ భృతి తీసుకుంటున్న కాలంలో ఉద్యోగిని తొలగించకూడదని 1948 నాటి ఈఎస్ఐ చట్టంలోనే రాసి ఉండేది.

చట్టం ఉంటే ఉద్యోగం గ్యారంటీ అని కాదు. కానీ సెలవు పెట్టడం ఎవరి దయా కాదు, మన హక్కు అని తెలిస్తే వెన్ను కాస్త నిటారుగా నిలుస్తుంది.

గీత దగ్గరికి వస్తే

రెండో అధ్యాయం 47వ శ్లోకం మనందరికీ తెలుసు. పని చెయ్యడం వరకే మన అధికారం, ఫలితం మన చేతిలో లేదు. దీన్ని సాధారణంగా పని చేసేవాడికే చెప్తాం. మంచం మీద ఉన్నవాడికీ వర్తిస్తుంది. ఆ రోజుల్లో మందు వేసుకోవడం, పథ్యం పాటించడం, నిద్రపోవడమే వాడి కర్మ. ఆరో అధ్యాయం 17వ శ్లోకంలో కృష్ణుడు తిండి, విహారం, పని, నిద్ర, మెలకువ అన్నీ మితంగా ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందంటాడు. పనితో పాటు నిద్రని కూడా ఆ లిస్టులో పెట్టాడు. అంటే విశ్రాంతి సాధనలో భాగమే.

నేను చేసినవి, మీరూ చెయ్యగలిగినవి

1. సెలవు మెయిల్‌లోనే డాక్టరు సర్టిఫికెట్ జత చెయ్యండి. ఫోన్‌లో చెప్పి వదిలెయ్యకండి. మెయిల్ కాపీ మీ దగ్గరా ఉంచుకోండి.

2. పోగు ఎక్కడ తెగిందో రాసిపెట్టండి. ఏది అయింది, ఏది మిగిలింది, ఎవరిని అడగాలి. పది లైన్లు చాలు.

3. తిరిగి చేరిన మొదటి రోజే మేనేజర్‌ని సూటిగా అడగండి: "ఈ నెలలో నా మీద ఉన్న పని ఏంటి?" ఊహల కంటే జవాబు తేలిక, అది చేదు జవాబైనా సరే.

4. రాత్రి భయం వేస్తే కాగితం మధ్యలో గీత గీయండి. ఒక పక్క నా చేతిలో ఉన్నవి, రెండో పక్క లేనివి. మొదటి పక్క నుంచి ఒకటి రేపటికి పెట్టుకోండి. రెండో పక్కని పదకొండు సార్లు రామనామం అనుకుని స్వామికి అప్పగించి పడుకోండి.

నేను తిరిగి వెళ్ళేసరికి నా మాడ్యూల్ వేరే అతనికి ఇచ్చేశారు. ఐదు వారాలు ఏ ప్రాజెక్టూ లేకుండా కూర్చున్నాను. ఆ ఐదు వారాలూ నాలుగో పాయింటే నన్ను నిలబెట్టింది. తర్వాత వేరే టీమ్‌లో వేశారు. ఇప్పటికైతే ఉద్యోగం ఉంది. వచ్చే ఏడాది ఉంటుందా అంటే, అది కాగితంలో రెండో పక్క విషయం.

ఈ శనివారం దగ్గర్లో ఉన్న ఆంజనేయస్వామి గుడికి వెళ్ళండి. ఉద్యోగం నిలబెట్టమని అడగండి, తప్పేం లేదు. దాంతో పాటు, ఏం జరిగినా తట్టుకునే ఒంటి బలం, మనసు ధైర్యం కూడా అడగండి. కొండ మోసినవాడికి అది పెద్ద కోరికేం కాదు.

జై హనుమాన్. శుభం భూయాత్.